టీకాలు సరే, భయాల సంగతేంటి?

కుక్కపిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏం చూస్తారు? బరువు, జ్వరం, చెవులు, పళ్లు. నులిపురుగుల మందు వేస్తారు, టీకా వేస్తారు, మళ్లీ ఎప్పుడు రావాలో పుస్తకంలో రాసిస్తారు. ఆరెనిమిది వారాలకి మొదటిది, ఆపైన మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. మా హిమాయత్‌నగర్, నారాయణగూడ వైపు కుక్కలున్న ఇళ్లలో ఈ లెక్క అందరికీ నోటికొచ్చు. పిల్లల డాక్టర్లయితే పిలిస్తే చూస్తోందా, కొత్తవాళ్లని చూసి ఏడుస్తోందా అని కూడా అడుగుతారు కదా. కుక్కపిల్ల గుణం గురించి అలా ఆరా తీసేవాళ్లు తక్కువ. మాకు అదృష్టవశాత్తూ అలాంటి డాక్టరమ్మ దొరికారు.

మా బొబ్బట్టు అశోక్‌నగర్ పిల్ల. అక్కడ గ్రూప్స్‌కి చదువుకునే పిల్లల హాస్టళ్లుంటాయి కదా, ఆ సందుల్లో కుక్కలన్నీ పార్లేజీ బిస్కెట్ల మీద, మెస్ పెరుగన్నం మీద బతికేస్తుంటాయి. మా అబ్బాయి స్నేహితుడి గదికని వెళ్లి, తల్లి లేని పిల్లట, చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఎనిమిది వారాలుంటాయన్నారు డాక్టరు. ఒళ్లంతా పసుపు, అక్కడక్కడా పెనం మీద మాడినట్టు గోధుమ మచ్చలు. పేరు కోసం ఎవరూ వెతుక్కోలేదు.

రెండో టీకాకి వెళ్లినప్పుడు డాక్టరమ్మ దాన్ని బల్ల మీద ఎక్కించమనలేదు. నేల మీద వదిలేయమని, తను కంప్యూటర్‌లో ఏదో కొట్టుకుంటూ కూర్చున్నారు. నాకు కాస్త విసుగొచ్చింది కూడా, బయట ఏడెనిమిది మంది ఎదురుచూస్తున్నారు. తీరా చూస్తే ఆవిడ అంతసేపూ ఓరకంట దాన్నే చూస్తున్నారు. గదంతా వాసన చూస్తూ తిరుగుతుందా, మూలకి నక్కుతుందా? చిరుతిండి వేస్తే తింటుందా? ఆకలితో ఉన్న పిల్ల కూడా బాగా భయమేస్తే తినదట. తర్వాత తాళంచెవుల గుత్తి కాస్త దూరంగా కింద పడేశారు. బొబ్బట్టు ఎగిరిపడి కుర్చీ కిందకి దూరింది.

"ఉలిక్కిపడటం తప్పు కాదండీ. ఎంతసేపటికి తేరుకుని ఆ తాళాల్ని వాసన చూడటానికి వస్తుందో, అదీ చూడాల్సింది" అన్నారు.

మాది రానేలేదు.

అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. గిన్నె దగ్గరికి ఎవరైనా వెళ్తే ఏం చేస్తుంది? పంజా పట్టుకుంటే? ఇంట్లో ఏ చప్పుడికి దాక్కుంటుంది? మా వారు వెంటనే "ఏ ప్రాబ్లమూ లేదు డాక్టర్, చాలా యాక్టివ్" అన్నారు. ఆయన దాన్ని చూసేది రాత్రి ఎనిమిది తర్వాత, ఆటలప్పుడు. పగలంతా దాంతో ఉండేది నేనూ మా అత్తగారూ. కుక్కర్ విజిల్ వేస్తే వాషింగ్ మెషిన్ వెనక్కి పోయి అరగంట దాకా రాదని నేను చెప్పాను. తినేటప్పుడు అత్తగారు పక్కనుంచి నడిస్తే తినడం ఆపేసి, తల దించి, బొమ్మలా బిగుసుకుపోతుందని కూడా చెప్పాను. మేమైతే దాన్ని బుద్ధి అనుకున్నాం. అది బుద్ధి కాదట, దగ్గరికి రావద్దని చెప్పడమట. అది అర్థం చేసుకోకపోతే తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఆ గుర్రుమనడం కూడా మానేసి, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. "కర్ర చూపిస్తే దారికొస్తుంది" అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మా మామగారితో సహా. ఈ మాట ఆయనకి చెప్పడానికి నాకు రెండ్రోజులు పట్టింది.

ఇదంతా పసితనంలోనే ఎందుకంటే, దానికో గడువుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి గమనించి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం దాకా చూసినవీ విన్నవీ కుక్కకి మనవాళ్లు, మన చప్పుళ్లు అవుతాయి. ఆ తర్వాత కొత్తది ఏదొచ్చినా ముందు అనుమానమే. చిక్కేమిటంటే టీకాలన్నీ అయ్యేసరికి పదహారు వారాలు. పార్వో భయంతో అప్పటిదాకా గడప దాటించొద్దంటారు. ఆ భయమూ నిజమే, పార్వో పిల్లల్ని చంపేస్తుంది. కానీ తలుపు తీసేసరికి గడువు దాటిపోతుంది. అక్కడి పశువైద్యుల్లో జంతువుల ప్రవర్తన చూసేవాళ్ల సంఘం 2008లోనే చెప్పింది, మొదటి టీకా పడి వారం దాటితే జాగ్రత్తగా పరిచయాలు మొదలుపెట్టొచ్చని. మూడేళ్లలోపు కుక్కల ప్రాణాలకి జబ్బులకన్నా ప్రవర్తన వల్లే ఎక్కువ ముప్పు అని కూడా అన్నారు. ఇళ్లలోంచి పంపేయడం, ఆ తర్వాత జరిగేవీ అన్నమాట.

ఈ మాట వినగానే నాకు మా మూడో అంతస్తు లాబ్రడార్ గుర్తొచ్చింది. బంతి తీయబోయిన వాచ్‌మన్ కూతురి చేతిని కొరికింది, నాలుగు కుట్లు పడ్డాయి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల వల్ల చనిపోయిన దగ్గర్నుంచి మా వైపు అపార్ట్‌మెంట్లలో కుక్క గట్టిగా మొరిగితేనే మీటింగ్ పెడుతున్నారు. ఆ తల్లుల్ని అనలేం. వారం తిరక్కుండా లాబ్‌ని ఊరి బయట ఎవరిదో తోటకి పంపేశారు. అది వెళ్లాక ఆవిడ నా దగ్గర కూర్చుని ఫోన్‌లో వీడియో చూపించింది. మూడు నెలల పిల్ల, బొమ్మ మీద పడుకుని చిన్న గొంతుతో గుర్రుమంటోంది. వెనక ఇంటిల్లిపాదీ నవ్వులు. టీకాలన్నీ తేదీ తప్పకుండా వేయించిందావిడ. ఒక్కరు అడిగుంటే చెప్పేదాన్ని కదా అంది.

మాకు డాక్టరమ్మ మందులేం రాయలేదు. కుక్కర్ విజిల్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినపడనట్టు పెట్టి, ప్రతిసారీ ఓ పనీర్ ముక్క. అది నిశ్చింతగా తింటుంటేనే కాస్త పెంచాలి. గిన్నె దగ్గర పోతూ పోతూ దూరం నుంచే ఇంకా మంచి ముక్క వేసి వెళ్లిపోవాలి, గిన్నె లాక్కోకూడదు. ఈ పని అత్తగారు పట్టుకున్నారు. రోజూ సాయంత్రం బొబ్బట్టుని పాత చున్నీలో చుట్టి చేతుల మీదే నారాయణగూడ దాకా తిప్పేదాన్ని, కింద పెట్టకుండా. బస్సులు, హెల్మెట్లు, బుర్ఖాలు, కొబ్బరిబోండాల కత్తి చప్పుడు అన్నీ చూసింది. భయపడితే ఇంకొంచెం దూరం జరిగేదాన్ని. నా భుజం మాత్రం పట్టేసింది.

ఇది జాతకం కాదని కూడా డాక్టరమ్మే చెప్పారు. ఇప్పుడు చూసిన దాన్నిబట్టి రేపు ఎలాంటి కుక్క అవుతుందో తేల్చలేం, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుందంతే. బొబ్బట్టు పుట్టుకతోనే పిరికిది, ధైర్యస్తురాలేం అయిపోదు.

వినాయక నిమజ్జనం ఊరేగింపులు మా వైపు నుంచే ట్యాంక్‌బండ్‌కి వెళ్తాయి. ఆ రోజు లోపలి గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాను పెంచి, దాంతో కూర్చున్నాను. మొదటి డప్పులకే ఒణికిపోయింది, మంచం కిందకి దూరింది. నేను లాగలేదు. పనీర్ ముక్క అంచున పెట్టి ఊరుకున్నాను. కాసేపటికి ముక్కు బయటికొచ్చింది, తర్వాత నాలుక. రాత్రి ఇంకో నాలుగుసార్లు దూరింది, నాలుగుసార్లూ వచ్చింది.

మర్నాడు ఫోన్ చేస్తే డాక్టరమ్మ అడిగింది ఒకటే, మొదటిసారి ఎంతసేపటికి తేరుకుందని. ఇరవై నిమిషాలన్నాను. దీపావళికి పది రోజుల ముందు ఓసారి తీసుకురమ్మన్నారు.