నక్కకి కుక్క ఇచ్చిందే

పలివెల చుట్టుపక్కల నుంచి నక్క కరిచిందని వచ్చే మనిషి ఒంటరిగా రాడు. ఆటోలో నలుగురు, వెనక మోటార్ సైకిళ్ల మీద ఇంకొందరు. కుక్క కరిచినవాడు మాత్రం రెండు రోజులాగి, గాయానికి సున్నమో పసుపో అద్దుకుని వచ్చి, పనిలో పనిగా బీపీ కూడా చూడమంటాడు. ఇంటి కుక్కపిల్ల గీరితే అసలు రానే రారు. నా భయమంతా ఆ రానివాళ్ల గురించే.

కొబ్బరి తోటలో దింపు తీయిస్తుంటే నక్క పిక్క పట్టుకున్న రైతు ఒకాయన అడిగారు: “డాక్టరుగారండీ, ఈ పిచ్చి నక్కల్నుంచే కదండీ మన కుక్కలకి అంటుకునేది?” సబ్బునీళ్లతో పావుగంట గాయం కడిగిస్తూ, కాదండీ, మన కుక్కల నుంచే నక్కకి అన్నాను. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, చేతికి టీకా వేసేదాకా కూడా ఆయనకి నా మాట రుచించలేదు.

రేబిస్ వైరస్ జన్యుపదార్థం చాలా చిన్నది: సుమారు 12 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, ఐదే జన్యువులు. కాపీ అయ్యేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దుకోదు. ఆ తప్పులు ఇంటిపేర్లలా తరతరాలా వెంట వస్తాయి కాబట్టి, వాటిని పట్టుకుని వంశవృక్షం గీయొచ్చు. దీని దాయాదులు చాలావరకు గబ్బిలాల్లో ఉంటాయి. గబ్బిలాల నుంచే మాంసాహార జంతువుల్లోకి దూకిందని 2001లో బద్రాన్, టోర్డో అనే శాస్త్రవేత్తలు చూపించారు. 2008లో ఎర్వే బూరి బృందం కుక్కల వైరస్‌ల వంశం తిరగేస్తే, వేరు భారత ఉపఖండం వైపు తేలింది. దక్షిణ భారతంలో, శ్రీలంకలో తిరిగే శాఖ మిగతావాటికంటే ముందే విడిపోయింది. ఇప్పుడున్న కుక్కల శాఖలన్నీ గత 1500 ఏళ్లలో పుట్టినవేనని వాళ్ల లెక్క.

మరి అంతకంటే పాతదైన సుశ్రుత సంహితలో పిచ్చికుక్క, పిచ్చినక్క, నీళ్లు చూసి బెదిరే రోగి, అలా బెదిరితే ఇక బతకడన్న మాట, అన్నీ ఉన్నాయి కదా? నాకు తోచే జవాబు ఒకటే. జన్యువుల లెక్క బతికి ఉన్న శాఖలకే చేరుతుంది. అంతరించినవి ఎన్నో ఎవరు చెప్పగలరు!

ఇక్కడి నక్కలో, ముంగిసలో దొరికే వైరస్ కుక్కల వంశానిదే. కుక్క కరిస్తే వాటికి వస్తుంది, సాధారణంగా ఎక్కువ దూరం పాకకుండా వాటితోనే ఆగిపోతుంది. అన్నిచోట్లా అలా ఆగలేదు. ఎలకల్ని తింటాయని 1872లో మన ముంగిసల్ని జమైకా చెరకు తోటలకి తీసుకెళ్లారు. అక్కణ్ణించి అవి కరీబియన్ దీవులంతా పరుచుకున్నాయి. ప్యూర్టోరికో, గ్రెనడాల్లో ఇవాళ రేబిస్‌ని నిలబెడుతున్నది ముంగిసే. యూరప్‌లో కుక్కల నుంచి ఎర్రనక్కల్లోకి వెళ్లి పాతుకుపోయింది. స్విట్జర్లాండ్ వాళ్లు 1978లో కోడి తలకాయల్లో టీకా పెట్టి అడవిలో పడేశారు, నక్కలు తిన్నాయి, 1999 నాటికి దేశం బయటపడింది. మనకంత శ్రమ అక్కర్లేదు. మన వైరస్ వాకిట్లోనే పడుకుంటుంది.

ఒకామె చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని వచ్చింది. ఫ్యాన్ గాలి తగలగానే గొంతు పట్టేసినట్టు ఉలిక్కిపడింది. గ్లాసు చూపించగానే మొహం తిప్పేసింది. ఏదన్నా కరిచిందా అంటే లేదంది. భర్త కాసేపాగి, ఇంట్లో కుక్కపిల్ల నెలన్నర కిందట చచ్చిపోయిందన్నాడు. “పిల్లకుక్కకి పిచ్చేంటండీ, పాలు తాగేదానికి?” కాకినాడ పంపించాం. ఈ దశకి వచ్చాక పంపించడమంటే ఏమిటో వైద్యులందరికీ తెలుసు. ఆమెని కాపాడాల్సిన సమయం ఆ కుక్కపిల్ల గీరిన రోజే, ఆ రోజు ఇంట్లో ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఊళ్లో కుక్కల్లో 70 శాతానికి టీకా పడుతూ ఉంటే వైరస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అప్పుడు నక్క జోలికి పోనక్కర్లేదు. నక్కలకి మందు పెడదామన్న ఒక పెద్దాయనకి ఇదే చెప్పాను. “ఎవరి కుక్కలని సూదులేయించమంటారండీ, వాటికి యజమానెవడు?” అన్నారు. రోజూ అన్నం పెడుతున్నదెవరని అడిగాను.

“మా ఆవిడండీ” అన్నారు.