గ్రెప్‌కి తెలుగొచ్చా?

ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగు చదవడం నాకు ఇప్పటికీ నెమ్మదే. ఈ సెమిస్టర్‌లో మాత్రం రోజూ తెలుగే చదువుతున్నా, అదీ టెర్మినల్‌లో!

మా మినీ ప్రాజెక్టు తెలుగు స్పెల్‌చెకర్. దానికి పదాల పట్టిక కావాలి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా తన వ్యాసాలన్నిటినీ డంప్ ఫైలుగా ఎవరికైనా ఉచితంగా ఇస్తుంది. దించుకుని చూస్తే మాటల మధ్య అంతా ట్యాగులు, బ్రాకెట్లు, లింకులు.

శుభ్రం చేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెడ్ ట్యాగులు తీసేస్తుంది, గ్రెప్ తెలుగు మాటలు ఏరుతుంది, సార్ట్ వరుసలో పెడుతుంది, యునిక్ ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చెబుతుంది. 1970లలో పుట్టిన పనిముట్లు ఇవి, మన అమ్మానాన్నల వయసువి. మా అవ్వ చేటలో బియ్యం చెరిగినట్టే: పొట్టు పోవాలి, గింజ మిగలాలి.

చిక్కేమిటంటే, ఏది గింజో ఏది పొట్టో వీటికి మనమే చెప్పాలి. చెత్త క్యారెక్టర్లు తీసేయాలంటే చాలామంది చెప్పే చిట్కా, ఆస్కీలోని 128 గుర్తులు ఉంచి మిగతావన్నీ కొట్టేయడం. ఆ లెక్కన తెలుగంతా చెత్తే! ఒక్క అక్షరం మిగలదు.

మన ఊరి పేరే తీసుకోండి. బళ్లో నేర్పిన లెక్కన 'కుప్పం' రెండక్షరాలు. యూనికోడ్ లెక్కన ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. బైట్లను మాత్రమే చూసే ట్రాన్స్‌లేట్ కమాండ్‌కి ఆ ఊరు కనబడదు.

ఇంకోటి, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్. 'బస్' అనే మాట చివర అది ఉన్నా లేకున్నా మనకు ఒకేలా కనిపిస్తుంది, యునిక్‌కి మాత్రం రెండు వేర్వేరు మాటలు. అలాగని అన్నిచోట్లా తీసేస్తే 'సాఫ్ట్‌వేర్'లో 'వే' వత్తుగా మారి కిందికి దిగిపోతుంది. అందుకే సెడ్‌కి ఒక నియమం రాశాను: మాట చివర ఉంటే తీసెయ్, మధ్యలో ఉంటే ముట్టుకోకు.

చివరి మెట్టు దగ్గర ఆగిపోయాను. ఒక్కసారే వచ్చిన మాటల్ని తప్పులుగా లెక్కేసి తీసేయడం మామూలు పద్ధతి. అందులో టైపింగ్ తప్పులూ ఉంటాయి, 'ఊరిబిండి' లాంటి మన సీమ మాటలూ ఉండొచ్చు. విడదీసే తెలుగు గ్రెప్‌కి లేదు, నిజం చెప్పాలంటే నాకూ చాలదు. కమాండ్ నడపలేదు. ఆ జాబితా ప్రింట్ తీసి అవ్వకి చదివి వినిపిస్తున్నా. ఆమె "ఇది మన మాటే నాయనా" అంటే టిక్ పెడుతున్నా.

జాబితా చాలా పొడుగుంది. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు తలా రెండు పేజీలు తీసుకెళ్తారా?