వేతనము – పంచవిభాగము

కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నగరంలో నివసించే ఒక తెలుగు గృహస్థునికి వార్షిక వేతనం 1,80,000 డాలర్లు. అమలాపురంలో ఉన్న ఆయన మాతృమూర్తి ఆ సంఖ్యను రూపాయలలోకి గుణింపజేసి, కోటిన్నర దాటిందని విని, దేవుని గదిలోకి వెళ్లి నమస్కరించింది.

దోషమంతా ఆ గుణకారంలోనే ఉంది. ఒకదాని ధర్మాన్ని వేరొకదానిపై ఆరోపించడాన్ని శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యారంభంలోనే అధ్యాసగా నిరూపించారు. రాబడిని రూపాయలలో భావించి, వ్యయాన్ని డాలర్లలో చెల్లించడం అందుకు మంచి లౌకికోదాహరణ. రజ్జుసర్పం కన్నా నేటివారికి ఇదే త్వరగా బోధపడుతుందేమో!

నెలకు పదిహేను వేలు. అందులో సమాఖ్య ప్రభుత్వపు పన్ను, రాష్ట్రపు పన్ను, సోషల్ సెక్యూరిటీకి నూటికి 6.2, మెడికేర్‌కు 1.45, ఆరోగ్య బీమా, వార్ధక్యానికై దాచే 401కె పోగా చేతికందేది తొమ్మిది వేల పైచిలుకు. రెండు పడకగదుల అపార్ట్‌మెంటు అద్దె 3,600. హైదరాబాదులో ఎవరూ నివసించని ఫ్లాటుకు బ్యాంకు వాయిదా 1,500. కార్లు, కిరాణా, విద్యుత్తు, పిల్లవాని బడి సరేసరి. భార్యకు ఉద్యోగానుమతి ఇంకా రాలేదు.

ఒక ఆదివారం లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం నుండి తిరిగి వస్తూ ఆయన కారులో భాగవత ప్రవచనం విన్నాడు. అష్టమ స్కంధం, వామనావతార ఘట్టం. విత్తాన్ని ధర్మానికి, యశస్సుకు, అర్థానికి, కామానికి, స్వజనానికి అని అయిదుగా విభజించుకొన్నవాడు ఇహపరాలు రెండింటా సుఖిస్తాడని శుక్రాచార్యుడు బలికి చెప్పాడు. (బలి ఆ మాట వినలేదు, అది వేరే కథ.)

ఇంటికి చేరి ఆయన కాగితంపై అయిదు గళ్లు గీశాడు. అర్థపు గడి ఎవరూ పూరించకుండానే నిండిపోయింది: 401కె, ఫ్లాటు. యశస్సు గడి ఖాళీగా ఉంది. ధర్మం గడిలో ఆలయపు విరాళం మాత్రమే చేరింది. అద్దెను ఎక్కడ వ్రాయాలి? బలి చక్రవర్తికి అద్దె లేదు. చాలాసేపు ఆలోచించి, ఈ ఊరిని కోరుకొన్నది తానే కనుక నిజాయితీగా దానిని కామంలో వ్రాశాడు.

స్వజనం గడిలో 500 అని నిశ్చింతగా వ్రాశాడు. ప్రతి నెలా తల్లికి పంపే సొమ్ము అది. ఆ సాయంత్రమే ఫోనులో ఆమె అన్నది: "నువ్వు పంపినదంతా బాబు పేర ఫిక్సెడ్ డిపాజిట్ వేస్తున్నాను నాన్నా. నాకేం ఖర్చుంది?" అంటే అదీ అర్థమే అయింది.

ఆయన ఇంటికి వెళ్లి మూడేళ్లు. పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరింది. వెళితే హైదరాబాదు కాన్సులేటులో క్రొత్త ముద్ర పడేవరకు తిరిగి రావడానికి వీలులేదు. ఆ భయంతోనే ఇన్నాళ్లు ప్రయాణం వాయిదా పడింది.

రాత్రి పిల్లవాడు నిద్రించిన పిమ్మట ఆయన స్వజనం గడిలోని 500 కొట్టివేసి, ఆ ఏడాది మిగిలి ఉన్న సెలవు దినాల సంఖ్య వ్రాశాడు. పదిహేను.