ఆకాశం నుండి మా పాత భవనం

పక్షివలె పైనుండి భూమిని చూడవలెనన్న ఆశ మానవునకు క్రొత్తది కాదు. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు బెలూనెక్కి పారిస్ సమీపాన తీసిన చిత్రాలే ఈ విద్యకు ఆద్యములని చెబుతారు. అవి నేడు లభ్యం కావు. ఈ వేసవిలో పడగొట్టనున్న మా కళాశాల పెంకుల భవనాన్ని డ్రోనుతో చిత్రించే పని మాకు అప్పగించినప్పుడు మా బెంగ కూడా అటువంటిదే. దృశ్యం చెడితే మరల తీయుటకు భవనం ఉండదు.

మా డ్రోను బరువు 250 గ్రాములలోపే. 2021 నాటి నియమావళి ననుసరించి, వాణిజ్యం కాని పనికి దానిని ఎగురవేయుటకు పైలటు ధ్రువపత్రం అక్కరలేదు. అయినను మన ఊరు ఏ జోనులో ఉన్నదో డిజిటల్ స్కై పటంలో చూచుకొనక తప్పదు.

దాని కెమెరా గింబల్ అనే అమరికలో వ్రేలాడుతుంది. గాలికి డ్రోను ఎటు ఒరిగినా మూడు చిన్న మోటార్లు కెమెరాను అందుకు ఎదురు త్రిప్పి నిలకడగా ఉంచుతాయి. కనుక దృశ్యంలో కుదుపు కనిపించిందంటే, అది చాలమార్లు నడిపేవాని బొటనవ్రేళ్ల తొందరే.

పతంగులు ఎగురవేసిన మిత్రులకు ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. ఢీల్ ఇచ్చే వ్రేళ్లు మాంజాను ఒక్కసారిగా వదలవు, జారనిస్తాయి. కంట్రోలరు స్టిక్కులను కూడా అట్లే మెల్లగా త్రోసి, అంతకంటె మెల్లగా వదలాలి. సినీ మోడులో వేగం తగ్గుతుంది. స్టిక్కు వదలినా డ్రోను చప్పున ఆగక కొంత దూరం సాగి నిలుస్తుంది. అందుచేత చెట్లకు, గోడలకు ఎడం ఎక్కువ ఉంచాలి. కదలికకు ముందు, తరువాత కొన్ని సెకన్లు అదనంగా రికార్డు చేస్తే కుదుపున్న కొనలను కత్తిరించవచ్చు. పైకి లేస్తూ, ప్రక్కకు తిరుగుతూ, కెమెరాను వంచుతూ మూడు పనులూ ఒకేసారి చేయుట పెళ్లి వీడియోల వారికే చెల్లు! మేము ఒక దృశ్యానికి ఒక్క కదలికతోనే తృప్తి చెందాము. ముంగిలి నుండి కప్పు దాటేవరకు నిట్టనిలువుగా ఒకటి, వరండా వెంబడి నేరుగా మరొకటి.

ఎండ వేరొక చిక్కు. సెకనుకు 25 ఫ్రేములు తీయునపుడు షట్టరు 1/50 సెకను ఉంటే కదలిక కంటికి సహజంగా తోస్తుంది. మన ఎండలో అంతసేపు వెలుగు సోకితే దృశ్యం తెల్లగా వెలిసిపోతుంది. అందుకే కటకానికి నల్లకళ్లద్దం వంటి ఎన్.డి. ఫిల్టరు తొడిగి, ఎక్స్‌పోజరును స్థిరపరచి, గాలి లేవకముందే ఉదయం ఆరున్నరకు పని ప్రారంభించాము.

చివరకు ఆరు దృశ్యాలు పనికివచ్చాయి. ఏ పెంకులు పాతవో, ఏవి తరువాత మార్చినవో ఇన్నాళ్లూ ఆ కప్పు క్రిందనే చదువుకొన్న మేము మొదటిసారి చూచాము. ఒక ప్రతి గ్రంథాలయ కంప్యూటరులో ఉన్నది. రెండవ ప్రతిని వేరొకచోట భద్రపరచవలసినదిగా కళాశాల సంఘం వారిని కోరుచున్నాము.