మూడు వేల బంపర్, పది వేల లెక్క

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్‌లో ఉండే ఆ రిటైర్డ్ ఫోర్‌మన్‌కు కారు కంటే దాని పాలసీ మీదే గర్వం ఎక్కువ. ఏళ్ల తరబడి ఒక్క క్లెయిమ్ లేదు. నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరింది. అంతకు మించి పైమెట్టు లేదు. రూ.8,000 కట్టాల్సిన చోట రూ.4,000తో సరిపోయేది. (ఇది సొంత కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ భాగం సంగతి. ప్రభుత్వం నిర్ణయించే థర్డ్ పార్టీ ప్రీమియానికి ఈ రాయితీ లేదు.)

నిరుడు గేటు స్తంభానికి తగిలి బంపర్ పగిలింది. క్లెయిమ్ చేస్తే రూ.3,000 వచ్చింది. ఈ ఏడాది రెన్యువల్ నోటీసులో బోనస్ సున్నా.

అదే వారం ఏజెంట్ మరో కంపెనీ ఫారంతో దిగాడు. శ్రీకాకుళం మూలాలున్న కుర్రాడే. ''మావయ్యా, కంపెనీ మార్చేద్దాం. క్లెయిమ్ లేదని సంతకం పెట్టండి, మీ సగం రాయితీ మీకొచ్చేస్తుంది'' అన్నాడు.

అందులో సగం నిజం లేకపోలేదు. బోనస్ కారుదీ కాదు, కంపెనీదీ కాదు, యజమానిది. పాలసీ ముగిసిన 90 రోజుల్లోగా రెన్యూ చేస్తే కంపెనీ మారినా వెంట వస్తుంది. కారు అమ్మేసినా సర్టిఫికెట్ తీసుకుని మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. కానీ సున్నా కూడా అలాగే వెంట వస్తుంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకుంటుంది. అబద్ధం తేలితే ఓన్ డ్యామేజ్ పరిహారానికే ఎసరు. కారు నుజ్జయిన రోజున ఆ సంగతి బయటపడితే ఏజెంట్ ఫోనెత్తుతాడా?

పెద్దాయన కాగితం మీద లెక్క వేశారు. మూల ప్రీమియం మారదనుకుంటే వరుసగా రూ.8,000, 6,400, 6,000, 5,200, 4,400. ఆ తర్వాతే మళ్లీ 4,000. అంటే ఐదేళ్లలో రూ.10,000 అదనం. మూడు వేల బంపర్‌కు!

''ఉన్నది ఉన్నట్టు రాయి బాబూ. అప్పుడెంతవుతుందో చెప్పు'' అన్నారు.

ఓన్ డ్యామేజ్ రేట్లకు 2007లోనే టారిఫ్ ఎత్తేశారు. మూల ప్రీమియం కంపెనీకో రకం. మర్నాడు కుర్రాడు రూ.7,100 అని చెప్పాడు. పెద్దాయన కంపెనీ మారారు, క్లెయిమ్ సంగతి రాసి మరీ.

మొన్న అదే స్తంభానికి కారు తలుపు గీసుకుంది. ఈసారి పెయింటర్‌కు జేబులోంచే ఇచ్చారు.