పది పోయింది, పదకొండు వచ్చింది

బావా,

ఫోన్‌ల రెండు నిమిషాల్ల అయిపోయే ముచ్చటకు ఉత్తరమెందుకని కవరు చూడంగనే అంటవు. ఫోన్‌ల నువ్వు నన్ను మాట్లాడనిస్తేగా! నేను అసలు సంగతికి వచ్చేసరికి భివండి మగ్గాల చప్పుడు మొదలైతది, "ఆఁ, మల్ల చేస్త" అని పెట్టేస్తవు. కాగితం మీద ఆ ఆట సాగదు. మా చెల్లెతోటి చాయ్ పెట్టించుకొని నిమ్మలంగ చదువు.

ఊరి సంగతులు ముందు చెప్త. డిసెంబర్‌ల సర్పంచ్ ఎన్నికలు మూడు విడతలల్ల అయినయ్. గడియారం సెంటర్ దిక్కు ఫ్లెక్సీలోళ్లు రాత్రంత మిషన్లు ఆపలేదు. నా షాపుకు కరపత్రాలు, నమూనా బ్యాలెట్లు వచ్చినయ్. డబ్బులు ఇంకా రావాలె. గెలిచినోళ్లు దొరుకుతలేరు, ఓడినోళ్లు ఫోన్ ఎత్తుతలేరు. మీ చెల్లె మోకాళ్ల నొప్పి అట్లనే ఉన్నది. రోజూ నడువమని డాక్టర్ చెప్పిండు, ఆమె సీరియల్ అయినంక నడుస్తనంటది, సీరియల్ అయిపోతలేదు. చిన్నోడికి మన నల్లగొండ ఐటీ హబ్‌ల ఏదన్న దొరుకుతదని 2023 అక్టోబర్‌ల దాన్ని తెరిచిననాటి నుంచి నేను చూస్తున్న. వాడు గచ్చిబౌలి వదలడు.

ఇగ అసలు సంగతి. కంప్యూటర్ మార్చాలంట. నవ్వకు. పేజ్‌మేకర్ ఏడు తప్ప ఇంకోటి ముట్టని మనిషివి నీకు కొత్త కంప్యూటరా అనే కదా? ఆ పేజ్‌మేకర్ ఏడు 2001ల వచ్చింది, దాని మీద అను ఫాంట్లు, ఈ రెండింటి మీదనే నా ఇల్లు నడిచింది. అది నీకు తెల్వని ముచ్చట కాదు. కానీ విండోస్ పదికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తోటి ముగింపు పలికింది. కంప్యూటర్ ఆగిపోదు గని, రక్షణ కోసం నెలనెలా వచ్చే మరమ్మతులు ఇగ రావు. పదకొండు ఎక్కియ్యమంటే హార్డ్‌వేర్ పిల్లగాడు మూత తీసి చూసి తల అడ్డంగ ఊపిండు. టీపీఎం 2.0 చిప్ ఉండాలంట, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్‌కు తక్కువ పనికిరాదంట. నా డబ్బా అంతకంటే పెద్దమనిషి. కాబట్టి డబ్బానే మార్చాలె. కానీ కొత్త దాంట్ల గోప్యత ఉంటదా అని నా అనుమానం.

"అదీ సంగతి! పైసలు తియ్యబుద్ధి కాక గోప్యత, గీప్యత అని మాట్లాడుతున్నవు" అంటవు. నా పిసినారితనం నీకంటే ఎక్కువ ఎవరికి తెల్సు? పైసల బాధ లేదని నేను అనను. కానీ అది సగమే. మిగిలిన సగం చెప్పాలంటే నా డెస్క్‌టాప్ ఒకసారి చూపియ్యాలె.

తెర మీద గోడ బొమ్మ కనపడదు, అన్నీ ఫోల్డర్లే. "పెళ్లి బయోడేటా" అని ఒకటి: పిల్ల ఎత్తు, గోత్రం, జీతం, తండ్రి ఫోన్ నంబరు. "ఆధార్ స్కాన్" అని ఇంకోటి: జిరాక్సుకు వచ్చి, తీసేయమని చెప్పకుండ పోయినోళ్లయి. వకీలు గుమాస్తా టైపు చేయించిన విడాకుల నోటీసు ఒకటి. ఆ ఇంటామెకు అది అందకముందే నాకు తెల్సింది. మొన్నటి ఎన్నికలల్ల ఒకే ఊరు నుంచి నిలబడ్డ ఇద్దరి కరపత్రాలు పక్కపక్క ఫోల్డర్లల్ల ఉన్నయ్. ఒకాయన కూర్చుంటే రెండో ఆయన ఫైలు తెరవకుండ ఆ పది రోజులు ఎట్ల నెట్టుకొచ్చిన్నో నాకే తెల్సు. ఇగ "సాదాబైనామా" అని పసుపురంగు ఫోల్డర్. అందుల ఎవరియి ఉన్నయో నీకు చెప్పనక్కరలేదు. దేవరకొండ దిక్కు మీ నాయిన తెల్లకాగితం మీద కొన్న రెండెకరాలది, 2020ల క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టినప్పుడు స్కాన్ చేసినది, ఇంకా అక్కడనే ఉన్నది. పక్క గెట్టాయనకు అది దొరికితే ఏమైతదో నువ్వే ఆలోచించుకో.

ఇప్పుడు చెప్పు, "నాకేం దాపరికం ఉన్నది, చూసుకుంటే చూసుకోని" అని నేను అనొచ్చునా? నా మట్టుకు నాకు దాపరికం ఏం లేదు. నా ఫోటోలు, నా కరెంటు బిల్లు, మీ చెల్లె పంపే గుడ్ మార్నింగులు ఎవరు చూస్తే నాకేంది? కానీ ఆ డెస్క్‌టాప్ మీద నాది అనేది పావలా వంతు కూడ లేదు. మిగిలినదంత ఊరిది. ఊరి తరఫున "సమ్మతమే" అని బటన్ నొక్కే అధికారం నాకు ఎవరిచ్చిర్రు?

ఉత్తి భయమంటవా? జరిగినవి చెప్త, విను. విండోస్ పది 2015 జూలై 29న వచ్చింది. ఏడు, ఎనిమిది పాయింట్ ఒకటి వాడేటోళ్లకు ఏడాదిపాటు ఉచితం అన్నరు. ఎక్కించుకోమని తెర మీద పెట్టె వచ్చేది. 2016 మే నెల నాటికి సంగతి ఎక్కడికి వచ్చిందంటే, మూలకున్న ఇంటు గుర్తు నొక్కి ఆ పెట్టె మూసేసినా వద్దన్నట్టు కాదు, అది చెప్పిన టైముకు ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నట్టే. తలుపు మూస్తే లోపలికి రమ్మన్నట్టా బావా? ప్రపంచమంత తిట్టినంక ఆ పద్ధతి మార్చిర్రు.

అదే ఏడాది జూలైల ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ, క్నిల్ అంటరు, కంపెనీకి నోటీసిచ్చింది. అవసరానికి మించి సమాచారం తీసుకుంటున్నరు, ఏ యాప్‌ల ఎంతసేపు ఉన్నరో కూడ పట్టుకపోతున్నరు, అడగకుండనే ప్రకటనల కోసం గుర్తింపు నంబరు తగిలిస్తున్నరు అన్నది. కంపెనీ కనీస స్థాయిల తీసుకునే సమాచారాన్ని దాదాపు సగానికి తగ్గించుకున్నది, 2017 జూన్‌ల క్నిల్ ఆ ఫైలు మూసింది. మంచిదే. కానీ సగం తీసుకోకున్నా విండోస్ సక్కగనే నడిచింది కదా, మరి అప్పటిదాక తీసుకున్న ఆ సగం ఎందుకోసం? ఈ ప్రశ్నకు జవాబు నాకు ఎక్కడ దొరకలేదు.

పదకొండు సంగతికొస్తే, సక్కగ చెప్పాలె కాబట్టి రెండు దిక్కులా చెప్త. 2024 మేల "రీకాల్" అని ఒకటి ప్రకటించిర్రు. కొన్ని సెకండ్లకోసారి తెరను ఫోటో తీసి దాచిపెడతది, మొన్నెప్పుడో చూసింది మల్ల వెతుక్కోవచ్చు. యాది మరుపు మనుషులకు మేలే. నీకైతే మరీ మేలు. కానీ ఆ దాచిన ఖజానాకు తాళమే సరిగ లేదని రక్షణ నిపుణులు బయటపెట్టినంక వెనక్కి తీసుకపోయి, మనం కావాలంటెనే ఆన్ అయ్యేటట్టు, గుప్తలిపి పెట్టి, వేలిముద్రో మొఖమో చూపిస్తెనే తెరుచుకునేటట్టు మార్చి, 2025 ఏప్రిల్‌ల వదిలిర్రు. ఫోటోలు ఆ కంప్యూటర్‌లనే ఉంటయ్ అంటున్నరు. అది కూడ కోపైలట్ ప్లస్ అనే ఖరీదైన మిషన్లల్లనే. నేను కొనబోయే డబ్బాల అది రానే రాదు. అంటే నా భయం రీకాల్ గురించి కాదు.

నా భయం ఇంకా చిన్నది. కొత్త కంప్యూటర్ మొదటిసారి తెరిస్తే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతది. ఖాతా లేకుండ పోయే అడ్డదారులను ఒకటొకటే మూసుకుంట వస్తున్నరు. ఆ ఖాతాతోటి లోపలికి పోయినంక డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫోటోలు వన్‌డ్రైవ్‌ల చేరే ఏర్పాటు చాలాసార్లు తనంతట తానే ఆన్ అయి ఉంటది. ఏం చేరుతది? డెస్క్‌టాప్! నేను పైన చెప్పిన ఫోల్డర్లన్ని ఎక్కడ ఉన్నయ్ బావా? మంచి కోసమే అంటరు, హార్డ్ డిస్క్ పోయినా ఫైళ్లు పోవు అంటరు. నిజమే. కానీ ఆ విడాకుల నోటీసు నా గల్లాపెట్టె దాక వచ్చింది గని, సముద్రాలు దాటి ఎవరి సర్వర్‌లనో కూర్చుంటనని రాలేదు కదా.

నువ్వు అడ్డం తగిలే మూడు మాటలు నాకు ఇక్కడికే వినపడుతున్నయ్.

ఒకటి, "సత్య నాదెళ్ల మన హైదరాబాదోడే, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌ల చదివిండు, మనోడు మనల్ని ముంచుతడా?" 2014 నుంచి మైక్రోసాఫ్ట్‌కు ఆయనే పెద్ద కావడం నాకూ గర్వమే. కానీ మనోడైతే లెక్క అడగొద్దా? నీ సేటు కూడ తెలుగోడే, జీతం ఇచ్చేటప్పుడు నువ్వు లెక్కపెట్టుకోకుండ జేబుల పెట్టుకుంటవా?

రెండు, "ఫోన్‌ల అన్నీ పోతనే ఉన్నయ్ గదా." ఫోన్ నాది. అందుల నా తెలివి తక్కువతనం నా ఖాతాల పడుతది. మొదలు చెప్పినట్టు, షాపు కంప్యూటర్ ఊరిది.

మూడోది గట్టిది. "2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వేకు మనం పరిగెత్తుకుంట పోలేదా?" పోయినం. బొంబాయి, భివండి, షోలాపూర్ నుంచి బస్సులు నిండి పాలమూరు, నల్లగొండ వచ్చినయ్. నువ్వు రాత్రంత నిలబడే వచ్చినవు, ఇంట్ల ఏమేం ఉన్నయో అన్నీ చెప్పినవు. కానీ అడిగినాయన మంచం మీద నీ ఎదురుంగ కూర్చున్నడు. ఏ ప్రశ్న అడుగుతున్నడో నీ చెవులతోటి విన్నవు. బ్యాంకు ఖాతా నంబరు కాడికి వచ్చేసరికి నువ్వు దగ్గి నీళ్లు తాగినవు, ఆయన నవ్వి ఆ గడి వదిలేసిండు. ఆ సర్వే మీద కొందరు హైకోర్టుకు పోతే, వివరాలు ఇచ్చుడు జనం ఇష్టమేనని సర్కారే చెప్పింది. వన్‌డ్రైవ్ ముందర దగ్గితే ఏమైతది?

ఇంకో సంగతి నాకు మరీ వింతగ అనిపించింది. పదినే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాక నడుపుకుంటనంటే మరమ్మతులు ఇస్తరు. దానికి 30 డాలర్లు కట్టాలె, లేకపోతే వాళ్ల రివార్డు పాయింట్లు 1000 ఇయ్యాలె, అదీ కాదంటే నీ సెట్టింగులు వాళ్ల ఖాతాల దాచుకుంటనని ఒప్పుకోవాలె, అప్పుడు ఉచితం. యూరప్‌ల వినియోగదారుల సంఘాలు గొడవ చేస్తే అక్కడి వరకు ఆ దాచుకునే షరతు తీసేసిర్రు. నల్లగొండకు తీసెయ్యలేదు. అడిగినోళ్లకు ఒక లెక్క, అడగనోళ్లకు ఒక లెక్క.

మనం అడగడానికి ఆధారం లేదా అంటే ఉన్నది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాట మీద చెప్పిర్రు. 2023ల డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌ల దాని నియమాలు వచ్చినయ్. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకా టైమున్నది. ఆ చట్టం కంపెనీలను అడిగేదే, నా మనస్సాక్షి నన్ను అడుగుతున్నది: ఎవరి సమాచారం, ఎందుకు ఉంచినవ్, పని అయినంక తీసేసినవా?

మరి లైనక్స్ పెట్టుకోరాదా అని నీ కొడుకు అంటడు. కేరళ సర్కారు బడులల్ల ఏండ్ల నుంచి అదే నడుస్తున్నది, హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థోళ్లు తెలుగుల దాన్ని తయారు చేసిర్రు. నాకు దాని మీద గౌరవం ఉన్నది. కానీ ఇరవై ఏండ్ల అను ఫైళ్లు అందుల తెరుచుకోవు. శుభలేఖ మీద "ఆహ్వానం" అనేది గీతలు గీతలుగ వస్తే పెళ్లివారు ఊకుంటరా? పోనీ పాత పదినే పట్టుకొని వేలాడితే? అది కూడ తప్పే. మరమ్మతు లేని కంప్యూటర్‌ను నెట్‌కు తగిలిస్తే కంపెనీ కాదు, దొంగలే వస్తరు. అప్పుడు పోయేది కూడ ఊరి కాగితాలే.

అందుకే ఇట్ల చేస్తున్న. పాత డబ్బాకు నెట్ వైరు పీకేసిన. అను, పేజ్‌మేకర్, శుభలేఖలు దాని మీదనే. కొత్త దాన్ని తెచ్చి మెయిళ్లు, ఆన్‌లైన్ దరఖాస్తులకు పెడత. అందుల వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపి, ప్రకటనల గుర్తింపు ఆపి, ఐచ్ఛికం అనే సమాచారమంత వద్దని పెడత. తప్పనిసరి అని తీసుకునేది ఎట్లన్న పోతది, దానికి నేనేం చెయ్యలేను. పని అయిన ఫైలు వాళ్ల ముందరనే తీసేసుడు మొదలుపెట్టిన. కొందరు సంతోషపడుతున్నరు, కొందరు "ఉండనియ్ సారూ, మల్ల వస్త" అంటున్నరు. ఎవరిష్టం వాళ్లది. అడుగుతున్నం కదా, అది చాలు.

ఆధార్ స్కాన్లు అన్నీ పోయినయ్. ఎన్నికల ఫోల్డర్లు బాకీ వచ్చేదాక ఉంటయ్, అది వేరే సంగతి. సాదాబైనామా ఫోల్డర్‌ల ఊళ్లో ఉన్నోళ్లను ఒక్కొక్కరినే అడిగి సగం తీసేసిన. నీది మాత్రం ముట్టలేదు. అసలు కాగితం మా చెల్లె బీరువాల ఉన్నదో లేదో నాకు తెల్వదు. ముందు అది చూసి, నా దగ్గరది ఉంచాల్నో, పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి నీకు పంపి ఇక్కడ చెరిపెయ్యాల్నో వెంటనే రాయి. ఫోన్‌ల చెప్పకు.