అర్జీ నుండి హక్కు దాకా

అర్జీ, దరఖాస్తు, దస్తావేజు, హక్కు: ఈ మాటలన్నీ ఉర్దూ వాకిలి దాటి వచ్చి తెలుగింట స్థిరపడినవే. మొదటి మూడింటితో మాకు చిన్ననాటి నుండి పరిచయం కలదు. నాలుగవదానిని పలకటానికి మాత్రం నిరుటి వరకు మాకు ధైర్యం చాలలేదు.

హాస్టలులో మేము నలుగురం ఒకే గదివారము. ఉపకార వేతనం ఏడాదిగా అందలేదు. కార్యాలయానికి వెళ్ళిన ప్రతిసారీ "ఫైలు పైకి వెళ్ళింది" అన్న సమాధానమే లభించేది. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడుగుదామని దరఖాస్తులు వ్రాసుకొన్నాము. తీరా సంతకం దగ్గర మా కలాలు ఆగిపోయాయి. "పేర్లు తెలిస్తే, రావలసినది కూడా రాదేమోరా!" అన్నాడొక మిత్రుడు. కాదని అనలేకపోయాము. ఆ కాగితాలు పుస్తకం నడుమ ఉండిపోయాయి.

ఆ రోజులలోనే గ్రంథాలయంలో దక్షిణాఫ్రికా చరిత్ర చదివాము. వర్ణవివక్ష పాలన అంతరించనున్న వేళ, 1993లో, అక్కడి గూఢచారి సంస్థ సుమారు 44 టన్నుల రికార్డులను నాశనం చేసింది. వాటిలో కొంత భాగం ఉక్కు కర్మాగారపు కొలిమిలో బూడిదైనది. తరువాత ఏర్పడిన సత్యశోధన కమిషన్ తన నివేదికలో ఈ సంగతిని నమోదు చేసింది. సైన్యమూ, చెరసాలలూ గల ప్రభుత్వం కాగితానికి ఇంతగా జంకినదా! భయం అడిగేవారిదే అనుకొన్న మాకు, దాచేవారి భయం ఇంకా పెద్దదని తెలిసివచ్చింది.

ఆ అనుభవం నుండి ఆ దేశం పాఠం నేర్చుకొన్నది. 1996 రాజ్యాంగం సమాచారాన్ని హక్కుగా ప్రకటించింది. 2000లో చట్టం వచ్చింది. హక్కుల రక్షణకు అవసరమైనచో ప్రైవేటు సంస్థల వద్దనున్న సమాచారాన్ని సైతం అక్కడ కోరవచ్చును. నైజీరియా 2011లో చేసిన చట్టం ఏడు రోజుల గడువు విధించింది. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదన్నది. ఘనా 2019లో ఈ త్రోవ పట్టింది.

అయితే చట్టానికి మంచి పేరుంటే చాలదు. జింబాబ్వే 2002లో సమాచార సౌలభ్యం పేరిట ఒక చట్టం చేసి, దానితోనే పాత్రికేయులకు సంకెళ్ళు వేసింది. 2020లో గాని అది రద్దు కాలేదు. అడిగేవారు లేనిచోట మంచి చట్టమైనా బీరువాలోని దస్త్రమే కదా!

ఆ రాత్రి పుస్తకం తెరచి సంతకాలు చేశాము. ఒక్కొక్కరం పది రూపాయల రుసుము చెల్లించాము. ఇరువది ఏడవ నాడు జవాబు వచ్చింది: మా ఫైలు పైకి వెళ్ళనే లేదు, ఒక ధ్రువపత్రం కొరకు అదే కార్యాలయంలో ఆగి ఉన్నది. ఆ పత్రం మరునాడే సమర్పించాము.

ఈ వ్యాసం వ్రాసే నాటికి వేతనం ఇంకా చేతికి రాలేదు. కాని అది ఎక్కడ ఉన్నదో మాకిప్పుడు తెలుసు. అడగటం తప్పు కాదనీ తెలుసు.